పెండ్లి తరువాతి కథ: అలుకయు, విసుగును

ప్రణయకథకు వివాహము ముగింపు. ఈ నియమమును ఎవ్వరును శాసించలేదు గాని, ప్రాచీన నాటికల నుండి నేటి చలనచిత్రముల వరకు రచయితలు దీనిని పాటించుచునే వచ్చినారు. నాయకుడు నాయికను చూచుట, విరహము, విఘ్నము, ఆ విఘ్నము తొలగుట, మంగళసూత్రధారణము. అంతటితో తెర దిగును, ప్రేక్షకుడు సంతోషముతో ఇల్లు చేరును. ఆ ఇంటిలో అతనికై ఎదురు చూచుచున్నది మాత్రము పెండ్లి తరువాతి కథ. దానిని వ్రాయుమని రచయితను అడుగువారు అరుదు. అడిగినపుడు అతనికి కలుగు చిక్కు సామాన్యమైనది కాదు. ముగిసినదని తానే చెప్పిన కథను మరల తెరువవలెను; సుఖముగా నున్నారని తానే పలికిన దంపతులను దుఃఖపెట్టవలెను; ఐనను నవ్వు చెడరాదు.

ఈ చిక్కు ఎట్టిదో తెలియుటకు ఢిల్లీ పరిసరములలో చాలవరకు నడచిన ఒక హిందీ చిత్రము మంచి ఉదాహరణము. ఆనంద్ ఎల్. రాయ్ దర్శకత్వమున, హిమాంశు శర్మ రచనతో 2011 ఫిబ్రవరిలో 'తను వెడ్స్ మను' వెలువడినది. లండనులో వైద్యుడుగా నున్న ఢిల్లీవాడు మను పెండ్లికై స్వదేశమునకు వచ్చి, కాన్పూరు పిల్ల తనూజా త్రివేదిని చూచి మనసిచ్చుట, ఆమె కాదనుట, తుదకు ఔననుట దాని ఇతివృత్తము. పాత బాటలోని కథయే, ముగింపు పెండ్లియే. నాలుగేండ్లకు, 2015 మే 22న, అదే దర్శకుడు, అదే రచయిత, అవే ముఖ్యపాత్రలతో 'తను వెడ్స్ మను రిటర్న్స్' అను ఉత్తరభాగమును విడుదల చేసినారు. తనువుగా కంగనా రనౌత్, మనువుగా ఆర్. మాధవన్ నటించినారు. ఆ సంవత్సరపు చిత్రములకిచ్చిన జాతీయ పురస్కారములలో కంగనా ఉత్తమ నటిగా ఎన్నికైనది. హిమాంశు శర్మకు రచనా పురస్కారము 'పీకూ' రచయిత్రి జూహీ చతుర్వేదితో కలిపి లభించినది. వ్యాపారదృష్టితో పుట్టిన ఉత్తరభాగమునకు రచనాపురస్కారము దక్కుట అంత తరచుగా జరుగునది కాదు.

ఉత్తరభాగమునకు ప్రారంభము వివాహమే. మేళతాళములు, బంధువుల నృత్యములు, దీపముల వెలుగు. ఆ సందడి నుండి తెర నేరుగా నాలుగేండ్ల తరువాత లండనులో ఒక మానసిక చికిత్సాలయమునకు తరలిపోవును. ఒకప్రక్క వైద్యులు కూర్చుందురు, ఎదుట భార్యాభర్తలు. వైద్యులడుగుదురు, వీరు ఒకరి మీద నొకరు నేరములు చెప్పుకొందురు. అతడు చప్పని మనిషి యని ఆమె వాదము. ఆమెకు నిలుకడ లేదని అతని వాదము. మాట మాట పెరుగును. ఎన్నడును గొంతు పెంచని మను ఒక్కసారి ఉగ్రుడగును. వైద్యశాల సేవకులు అతనినే రోగిగా ఎంచి పట్టుకొనిపోవుదురు. భార్య అతనిని అక్కడనే విడిచి స్వదేశమునకు విమానమెక్కును. ఐనను, పోవుచు పోవుచు, భర్తను విడిపించి తీసికొని రమ్మని అతని మిత్రుడు పప్పీకి కబురంపును. విడిచిపోవుట, విడిపించుటకు కబురు చేయుట - ఈ రెండును ఒకే స్త్రీ ఒకే దినమున చేయుటలో రచయితకు దాంపత్యము తెలియునని రుజువగుచున్నది.

ఈ దృశ్యమున గమనింపవలసినదేమనగా, దంపతులు చెప్పుకొన్న నేరములలో ఘోరమైనదేదియు లేదు. దారిద్ర్యము లేదు. అత్త ఆరడి లేదు. వెనుకటి కథలలో కాపురములను కూల్చిన కారణములేవియు ఈ ఇంటిలో అడుగు పెట్టలేదు. ఉన్నదంతయు నాలుగేండ్ల సహవాసము. ఏ గుణమును చూచి ఒకరినొకరు వరించినారో ఆ గుణమే ఇపుడు నేరమైనది. అతని శాంతము ఆమెకు జడత్వముగా తోచుచున్నది. ఆమె చాంచల్యము అతనికి రోగముగా తోచుచున్నది. మనుష్యులు మారలేదు, చూపు మారినది. నవ్వు పుట్టించుచునే ఇంత చెప్పిన ప్రారంభము ఇటీవలి హిందీ హాస్యచిత్రములలో మరియొకటి కలదా యన్నది సందేహమే.

మన అలంకారశాస్త్రము దంపతుల కలహమును ఎరుగనిది కాదు. శృంగారమును సంభోగ విప్రలంభములుగా విభజించి, విప్రలంభమున మానమునకు ప్రత్యేకస్థానమిచ్చినది. ప్రణయమానమనియు ఈర్ష్యామానమనియు దానికి మరల భేదములు. అష్టవిధ నాయికలలో ఖండిత కలదు, కలహాంతరిత కలదు. కలహించి పతిని తరిమివైచి పిదప పరితపించునది కలహాంతరిత; కాన్పూరు చేరిన తరువాతి తనువు అచ్చముగా ఆ లక్షణమునకు సరిపోవును. కాని చికిత్సాలయమున వైద్యుల యెదుట కూర్చున్న స్త్రీ కలహాంతరిత కాదు, ఖండిత కాదు. ఆమె స్థితికి పేరు లేదు. అలుకకు శాస్త్రమున పేరున్నది, విసుగునకు లేదు. కారణము ఊహించవచ్చును. మానమునకు రతి ఆధారము. అలిగినవారు ఎదుటివాని అడుగుల చప్పుడునకై చెవియొగ్గియే యుందురు. విసిగినవారు తలుపు చప్పుడైనను తల యెత్తరు. స్థాయి యున్నచోట రసమును నిరూపించుట శాస్త్రము పని. స్థాయియే సన్నగిలినచోట అది మౌనము వహించినది.

హాస్యరచయితకు ఇక్కడనే ఇబ్బంది. అలుకను తీర్చుటకు అతని చేతిలో వేయి ఉపాయములున్నవి. విసుగును తీర్చుటకు ఒక్కటియు లేదు. అందుచేత అతడు చేయునదేమి? విసుగును మెల్లగా అలుకగా మార్చివైచును. మార్చిన తరువాత పాత ఉపాయములన్నియు మరల పనికివచ్చును. 'తను వెడ్స్ మను రిటర్న్స్' రెండవ గంట అంతయు ఈ మార్పిడి చరిత్రయే.

మను ఢిల్లీకి చేరును. విశ్వవిద్యాలయములో ఒక ఉపన్యాసమునకు వెళ్ళినపుడు అచ్చముగా తన భార్య రూపమున నున్న విద్యార్థినిని చూచును. ఆమె కుసుమ్, ముద్దుపేరు దత్తో. హర్యానాలోని ఝజ్జర్ జిల్లా నుండి క్రీడాకారుల కోటాలో ఢిల్లీ కళాశాలకు వచ్చిన పరుగుపందెపు పిల్ల. పొట్టి జుట్టు, ఎత్తుపండ్లు, పురుషుని మాటను మధ్యలోనే ఖండించు స్వభావము. తన్ను పరిచయము చేసికొనునపుడు జిల్లా పేరును, పిన్‌కోడును కూడ చేర్చి చెప్పును. చదువుకై రాజధానికి వచ్చి, ఏ ఊరిదానవని నిత్యము ప్రశ్నింపబడు పిల్లకు ఆ విలాసమే ఆత్మగౌరవము. ఈ పాత్రను కూడ కంగనాయే ధరించినది. మను ఆమెను ప్రేమించును. పెండ్లి నిశ్చయమగును. వార్త కాన్పూరు చేరును. అంతవరకు విసిగియున్న భార్యకు అసూయ పుట్టును. అసూయతో అలుక, అలుకతో ప్రేమ తిరిగివచ్చును.

రూపసామ్యముతో దాంపత్యకథ నడపుట కొత్త ఉపాయము కాదు. హర్షుని 'రత్నావళి'లో ఉదయనునికి పట్టమహిషి వాసవదత్త ఉండగా అంతఃపురమున సాగరిక యను కన్యపై మనసు పోవును. మూడవ అంకమున సాగరికకు మహారాణి వేషము వేసి రాజు కడకు తీసికొనిపోవ విదూషకుడు ఉపాయము పన్నును. రహస్యము పొక్కి, నిజమైన వాసవదత్తయే ముందుగా ఆ చోటికి వచ్చును. రాజు ఆమెను సాగరిక యనుకొని ప్రేమవాక్యములు పలుకును. భార్య వేషముననున్న ప్రియురాలి కొరకు దాచుకొన్న మాటలు భార్య చెవినే పడినవి! పిదప, అవమానభారముతో ఉరి పోసికొనబోవు సాగరికను మహారాణి యనుకొని రాజు పరుగెత్తి రక్షించును. ఒకే వేషము, ఇద్దరు స్త్రీలు, రెండు భ్రాంతులు. నాటిక చివర సాగరిక సింహళ రాజకుమారి రత్నావళి యనియు, వాసవదత్తకు దగ్గరి చుట్టమనియు తెలియును. మహారాణియే ఆమె చేతిని రాజు చేతిలో పెట్టును.

పదమూడు వందల ఏండ్లకు పైగా గడచిన తరువాత ఢిల్లీలో కథ తలక్రిందులైనది. అక్కడ పెద్ద భార్య తన అలుకను త్యాగము చేసి చిన్నదానికి దారి ఇచ్చినది. ఇక్కడ చిన్నది దారి ఇచ్చుచున్నది. ఝజ్జరులో పెండ్లిపీటల మీద, అగ్నిప్రదక్షిణలు జరుగుచుండగనే, వరుని మనసు ఎక్కడ నున్నదో కుసుమ్ కనిపెట్టును. నడక ఆపును. అతనిని విడిచిపెట్టును. ఏకపత్నీవ్రతము చట్టమైన కాలమున రచయితకు వేరు దారి లేదనుట నిజమే. ఐనను రాజుల కాలములోనైనను, విడాకుల కాలములోనైనను త్యాగము మాత్రము స్త్రీల వంతుననే మిగిలిపోవుటను పాఠకుడు గమనింపకపోడు. ఉదయనుడు ఏమియు వదలుకొనలేదు. మనువును ఏమియు వదలుకొనలేదు.

ద్విపాత్రాభినయములో మరియొక అర్థము కూడ నిగూఢముగా నున్నది. మనువు కోరిన రెండవ స్త్రీ రూపమున మొదటి స్త్రీయే. వయస్సున మాత్రము చిన్నది. అతనితో నాలుగేండ్లు కాపురము చేయనిది. అనగా అతడు భార్య నుండి విముఖుడు కాలేదు, కాలము నుండి విముఖుడైనాడు. కాపురమునకు పూర్వపు తనువును అతడు మరల కోరుచున్నాడు. ఈ మాటను చిత్రములో ఏ పాత్రయు చెప్పదు. చెప్పకుండుటయే మేలైనది. కేవలము తారను రెండు పాత్రలలో చూపుటకై చేసిన ఏర్పాటుగా కొందరు దీనిని తీసివేసినారు గాని, ఈ ఏర్పాటు తొలగించినచో కథలో ధ్వని యన్నది మిగులదు.

ఒకే ముఖము గల ఇద్దరిని వేరు చేయునది భాష. తనువు కాన్పూరు హిందీ మాటాడును. కుసుమ్ హర్యానవీ మాటాడును. అనువాదకులకు ఇది తీరని సమస్య. హర్యానవీని తెలుగున ఏ మాండలికమున దింపవలెను? ఏ సీమ పలుకుబడిని ఎన్నుకొన్నను, ఆ సీమవారి స్వభావమే ఇది యని చెప్పినట్లగును. శిష్టభాషలో దింపినచో కుసుమ్ అన్న మనిషియే మాయమగును. వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897లో 'ప్రతాపరుద్రీయము'న పాత్రోచితభాషను ప్రయోగించినపుడు లేచిన వివాదము సాహితీపరులకు విదితమే. నాడు తక్కువ తరగతి పాత్రలకు, హాస్యపాత్రలకు ఆ భాష ఒప్పునన్నారు. కుసుమ్ పలుకు ఒప్పుదలలతో ఆగునది కాదు. నవ్వు పుట్టించు ఆ యాసలోనే చిత్రములోకెల్ల గంభీరమైన మాటలను ఆమె చెప్పును. యాస హాస్యమునకు, శిష్టభాష కరుణమునకు అని మన రంగస్థలము చిరకాలము పాటించిన విభజనను ఈ పాత్ర చెరిపివైచినది. చిత్రముననున్న నిజమైన నూతనత్వము ఇదే.

ఇక లోపము. ప్రారంభమున వేసిన ప్రశ్న వేరు, ముగింపున ఇచ్చిన సమాధానము వేరు. 'వీరికి ఒకరిపై నొకరికి అనురాగమేల తగ్గినది?' అని వైద్యుల యెదుట కథ అడిగినది. 'అతడు ఇద్దరిలో ఎవరిని ఎన్నుకొనును?' అన్న ప్రశ్నకు చివర బదులిచ్చినది. తనువును మనువును మరల కలిసినారు సరే. నాలుగేండ్లకు మరల అదే చికిత్సాలయమున అదే బల్ల ముందు కూర్చుండరని హామీ ఎక్కడ? అతని శాంతము అట్లే యున్నది, ఆమె చాంచల్యమును అట్లే యున్నది. మారినదొక్కటే: పోగొట్టుకొనుదునేమోనన్న భయము కలిగినది. భయము వలన తిరిగివచ్చిన రాగము భయముతోనే పోవును. పోటీదారు పెండ్లి మందిరము వీడగనే అలుక తీరును, అలుక తీరగనే విసుగు మరల ఇల్లు వెదకికొని వచ్చును. ఈ సంగతి రచయితకు తెలియకపోలేదు. కాన్పూరు వీథులలో ఒంటరిగా తిరుగు తనువు వెనుక, 1954 నాటి 'ఆర్ పార్' చిత్రములో గీతా దత్ పాడిన పాత పాటను వినిపించినారు. కొత్త పాటలెన్నియో యుండగా ఆ దుఃఖమునకు అరువది ఏండ్లనాటి గొంతు కావలసి వచ్చినది. ఆ కొద్ది నిమిషములలో చిత్రము మొదటి ప్రశ్నకు మరల దగ్గరగా వచ్చి, వెంటనే పెండ్లి సందడిలోనికి పారిపోవును.

తెలుగు ప్రేక్షకునకు మాధవన్ ముఖము ఇట్టి కథలోనే మొదట పరిచితమగుట యాదృచ్ఛికమే కాని వినోదకరము. మణిరత్నం 2000లో తీసిన 'అలైపాయుదే' తెలుగున 'సఖి'గా వచ్చినది. అందును రహస్యవివాహము, కాపురము, కలతలు. అక్కడ భార్యకు జరిగిన రోడ్డు ప్రమాదము దంపతులను కలిపినది. అక్కడ ప్రమాదము, ఇక్కడ ప్రతినాయిక. రెండు చోట్లను మందు బయటనుండియే వచ్చినది.

ఢిల్లీయే మరియొక రచనకు జన్మస్థానము. దానిని ఈ చిత్రముతో కలిపి చదివినవారు తక్కువ. మోహన్ రాకేశ్ 'ఆధే అధూరే' నాటకమును 1969లో ఓం శివపురి దర్శకత్వమున 'దిశాంతర్' సంస్థ అక్కడ తొలిసారి ప్రదర్శించినది. మధ్యతరగతి ఇల్లు, సంపాదించు భార్య సావిత్రి, సంపాదన కోల్పోయిన భర్త మహేంద్రనాథ్. సావిత్రి ఈ మగని విడిచి సంపూర్ణుడైన మరియొక పురుషుని వెదకుచుండును. భర్తను, ఆమె ఆశపడిన పురుషులను, హితము చెప్పవచ్చిన వానిని - అందరిని ఒకే నటుడు ధరించవలెనని నాటకకర్త విధించినాడు. ఎవరిని వరించినను ఆమెకు లభించునది ఆ ముఖమే. అక్కడ ఒకే పురుషముఖము, ఇక్కడ ఒకే స్త్రీముఖము. రాకేశ్ చేతిలో ఈ ఉపాయము దారులన్నిటిని మూసివైచినది; హిమాంశు శర్మ చేతిలో ఇంటికి దారి చూపినది. విసుగును విసుగుగనే చివరివరకు చూపిన ధైర్యము నాటకకర్తది. కాని ఆ ధైర్యమునకు మూల్యముగా నవ్వును వదలుకొనవలసి వచ్చినది. మహేంద్రనాథ్ తిరిగి ఇంటికి వచ్చుటతోనే ఆ నాటకమును ముగియును. ఆ రాకను చూచి సంతోషించు ప్రేక్షకుడుండడు.

నవ్వును వదలక, విసుగును దాచక వ్రాయుట సాధ్యమా? తెలుగువారి అనుభవము సాధ్యమే యని చెప్పుచున్నది. దాంపత్యకలహమనగనే మనకు తోచు నంది తిమ్మన 'పారిజాతాపహరణము' అలుకకు పరాకాష్ఠ. నారదుడు తెచ్చిన ఒక్క పువ్వు రుక్మిణికి దక్కుట, సత్యభామ కోపగృహము చేరుట, పాదములపై వ్రాలిన కృష్ణుని శిరస్సును ఆమె ఎడమకాలితో త్రోయుట, తుదకు స్వర్గము మీదికి దండెత్తి వృక్షమునే తెచ్చి పెరటిలో నాటుట. రాయలకు రాణి మీద కలిగిన అలుకను తీర్చుటకే తిమ్మన దీనిని వ్రాసినాడని ఐతిహ్యము కలదు. అది నిజమైనను కాకున్నను, అలుకను కావ్యము తీర్చగలదని మనవారు నమ్మినారని దాని అర్థము. రాయలు కేవలము విసిగియున్నచో ఆ కావ్యము చాలెడిది కాదు.

విసుగునే హాస్యమునకు ముడిసరకుగా గ్రహించినవారు మునిమాణిక్యం నరసింహారావుగారు. కాంతం కథలలో ప్రతినాయిక లేదు, ప్రమాదము లేదు. బడిపంతులు, అతని ఇల్లాలు, పిల్లలు, చాలని జీతము. సంఘటన యని చెప్పదగినది చాల కథలలో కానరాదు. భర్త గొప్పలు చెప్పును. కాంతం ఒక్క మాటతో వానిని దించివైచును. రేపు మరల గొప్పలు చెప్పును. అదే మాట, అదే ఎత్తిపొడుపు, అదే ఓటమి మరల మరల వచ్చుటలోనే వారి అనురాగము మనకు కానవచ్చును. శ్రీరమణ 'మిథునం'లో అప్పదాసు, బుచ్చిలక్ష్మి పిల్లలందరిని పంపివైచిన వృద్ధులు. వారి జగడము కూరల మీద, పచ్చళ్ళ మీద, పెరటి చెట్ల మీద. తిండి తప్ప ఆయనకు వేరు ధ్యాస లేదని ఆమె సాధించును. ఆమె చేతివంట తప్ప ఆయనకు వేరు రుచింపదు. ఎం.టి. వాసుదేవన్ నాయర్ దానిని 2000లో మలయాళమున 'ఒరు చెరు పుంజిరి'గా తీసినారు. తనికెళ్ళ భరణి 2012లో తెలుగున తీసినారు. గోదావరి గోంగూర కేరళకు పోగలిగినదనగా కథలోని దాంపత్యము భాషను దాటగలదని తెలియుచున్నది. ఈ కథకులు పోటీ మనిషిని తెచ్చి దంపతులను భయపెట్టలేదు. ఇంటిలోనున్న వస్తువులనే చూచినారు.

ఈ చూపు ఢిల్లీ హిందీ చిత్రములకు దొరకలేదని అనరాదు. అమిత్ శర్మ దర్శకత్వమున 2018లో వచ్చిన 'బధాయీ హో' ఏ చిత్రమునకును ఉత్తరభాగము కాదు. ఐనను పెండ్లియైన పాతికేండ్ల తరువాతి కథయే. రాజధానిలోని లోధీ కాలనీలో రైల్వే ఉద్యోగి జితేందర్ కౌశిక్ (గజరాజ్ రావ్), ఇల్లాలు ప్రియంవద (నీనా గుప్తా), పెండ్లికెదిగిన కొడుకు, బడికి పోవు చిన్నవాడు, ముసలి తల్లి. ఈ వయస్సున ఇల్లాలు గర్భవతి యగును. కొడుకులు సిగ్గుపడుదురు, చుట్టములు నోరు నొక్కుకొందురు. దంపతులలో అనురాగము ఇంకిపోలేదు. ఇంకిపోయి యుండవలెనని లోకము అనుకొన్నది. అంతవరకు కోడలిని సాధించిన అత్తయే పెండ్లివారింట బంధువుల నోరు మూయించును. ఆ పాత్రకు సురేఖా సీక్రీ జాతీయ పురస్కారమందినది.

ఈ రైల్వే ఉద్యోగికి కవిత్వము వ్రాయు అలవాటున్నది. గొప్ప కవి కాడు. వాన కురియు ఒక రాత్రి, పత్రికలో అచ్చయిన తన పద్యమును తెచ్చి, అత్తగారి సాధింపులతో అలసియున్న భార్యకు చదివి వినిపించును. ఆ పద్యము బాగున్నదా లేదా యని ఆమె విచారించదు. చదువుచున్న మనిషిని చూచుచుండును. గది చిన్నది. గోడ కవతల తల్లి, పిల్లలు. బయట వాన.